ఆదిలాబాద్ చలిలో ఒక సన్యాసి పీత

కరీంనగర్ బస్టాండులో కండక్టర్ నా సంచిని పక్కకు జరపబోయి ఆగాడు. "ఏందన్నా, ఇసుకనా?" అన్నాడు. ఇసుకే. మానేరు ఇసుక. పైకి తేట నీళ్ళు కనిపించేదాకా కడిగి, ఎండబోసి, సంచికెత్తుకున్నాను. రెండో సంచిలో నర్సరీలో కొన్న కొబ్బరిపొట్టు ఇటుక, సముద్రపు చేపల తొట్లకు వాడే ఉప్పు, ఒక థర్మామీటరు, గాలిలో తేమను కొలిచే చిన్న మీటరు ఉన్నాయి. మూలికల దుకాణంలో తీసుకున్న సముద్రఫేనం ముక్కలు, గుడ్డలో మూటగట్టిన ఖాళీ నత్తగుల్లలు కూడా వాటితోనే పెట్టాను. ఇదంతా ఆదిలాబాద్‌లో జబ్బుపడ్డ ఒక సన్యాసి పీత కోసం.

ఆ పీత మా చెల్లె బిడ్డది. పదో తరగతి చదువుతోంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక అక్వేరియం దుకాణంలో ముచ్చటపడి కొనిపించుకుంది. చలికాలం మొదలయ్యాక నాకు ఫోన్ చేసింది. "మామా, అది తింటలేదు. సగం బయటికొచ్చి అట్లనే పడుంటున్నది. పొద్దున చూస్తే ఒక కాలు ఊడిపోయి ఉన్నది. సచ్చిపోతదా?"

"మీ ఇంట్లో చలి ఎంతున్నది బిడ్డా?" అని అడిగాను.

"దానికి బాగలేదంటే చలి గురించి అడుగుతవేంది మామా?"

జువాలజీ పాఠాలు చెప్పుకుంటూ బతికిన వాణ్ని కాబట్టి ఆ ప్రశ్నే ముందు తోచింది. చలి, పొడిగాలి, నల్లా నీళ్ళు, రంగు పూసిన గుల్ల అనే నాలుగింటినీ మనసులో వరసగా పెట్టుకునే బయల్దేరాను. ఇలాంటి ప్రాణికి మందు లేదు. దాని చుట్టూ ఉన్నదాన్ని మార్చడమే వైద్యం.

ఇంటర్‌లో సహజీవనం పాఠం చదివిన వాళ్ళకు సన్యాసి పీత బొమ్మ గుర్తుండే ఉంటుంది, గుల్ల మీద సీ అనిమోన్‌ను మోసుకు తిరిగేది. ఆ బొమ్మలోది నీళ్ళలో బతికే రకం. దుకాణాల్లో అమ్మేది దాని బంధువు, సీనోబైటా అనే ప్రజాతికి చెందిన నేల పీత. పొట్ట భాగం మెత్తగా ఉండి పక్కకు మెలితిరిగి ఉంటుంది. దానికి సొంత పెంకు రక్షణ లేదు. అందుకే చచ్చిన నత్తల గుల్లలు వెతుక్కుని వాటిలో దూరుతుంది, పెరిగిన కొద్దీ ఇంకొంచెం పెద్దది చూసుకుంటుంది. ఎడమవైపు పెద్ద డెక్కను గుల్ల నోటికి తలుపులా అడ్డం పెట్టుకుంటుంది. నేల మీద నడుస్తున్నా ఊపిరి మాత్రం మొప్పలతోనే. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. గాలిలో తేమ 75, 80 శాతం ఉంటే దానికి హాయి. చాలాకాలం అంతకంటే బాగా తగ్గిందా, నీళ్ళ పక్కనే కూర్చుని ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ సంగతి చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు.

బస్సు గంగాధర దాటి జగిత్యాల చేరింది. తర్వాత కోరుట్ల. పి.వి. నరసింహారావు పేరు మీదున్న పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఒకటి ఇక్కడ ఉంది. గేదెలకు, గొర్రెలకు, కోళ్ళకు వైద్యం నేర్చుకునే పిల్లలు చదివే చోటు. మన పల్లెల బతుకు వాటి మీదే కాబట్టి చదువు కూడా అటే ఉండటం న్యాయం. కానీ ఇప్పుడు ఇళ్ళలోకి తాబేళ్ళు, ఇగ్వానాలు, ఇలాంటి పీతలు కూడా వస్తున్నాయి. అమ్మేవాళ్ళు ఊరూరా ఉన్నారు, వాటి గురించి తెలిసి వైద్యం చేసేవాళ్ళు ఎక్కడో ఒకరు. కొనేముందు దీనికి జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి పోవాలని అడగడం పిల్లలకు నేర్పాలి.

మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. సోన్ దగ్గర గోదావరి. కొంచెం ఎగువన పోచంపాడులో శ్రీరాంసాగర్ ఆనకట్ట. ఈ నీళ్ళు కిందికి పోయి పోయి అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి. నేలమీద బతికే సన్యాసి పీత కూడా పిల్లల కోసం సముద్రానికే పోవాలి. ఆడపీత గుడ్లను గుల్లలోనే మోసి, అవి పగిలే వేళకు ఒడ్డుకు దిగి అలల్లో వదులుతుంది. పిల్లలు చాలా చిన్న రూపంలో నీళ్ళలో తేలుతూ కొన్ని వారాలు పెరిగి, బుల్లి గుల్ల ఒకటి దొరికాక నేలకెక్కుతాయి. ఆ దశలను ఇంట్లో దాటించడం చాలా కష్టం. అంటే దుకాణాల్లో కనిపించే పీతలు దాదాపు అన్నీ ఏదో ఒక తీరంలో ఏరుకొచ్చినవే. తీరంలో దశాబ్దాలు బతకగల ప్రాణి ప్లాస్టిక్ డబ్బాలో నెలల్లో పోతోంది. కొన్న పిల్లలు దాని ఆయుష్షే అంత అనుకుంటారు.

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. సాయంత్రమైతే ఇక్కడి చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆర్లి (టి), సిర్పూర్ (యు), గిన్నెధరి పేర్లు ఈ నెలల్లో రోజూ పేపర్లో వస్తాయి. కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయే ఊళ్ళు అవి. తర్వాత నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ వచ్చాయి. గుడిహత్నూర్ నుంచి ఒక దారి ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూర్‌కు పోతుంది. పుష్యమాసంలో నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు జన్నారం వైపున్న హస్తినమడుగుకు కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెస్తారు. దేవుడికి ఏ నీళ్ళు కావాలో ఆ నీళ్ళే ఎంత దూరమైనా నడిచి తెస్తారు. ఆ పట్టుదల మీద నాకు చిన్నప్పటి నుంచి గౌరవం.

ఆదిలాబాద్‌లో దిగేసరికి పత్తి బండ్లు మార్కెట్ యార్డు వైపు బారులు తీరి ఉన్నాయి, అక్కడక్కడ మంటలు వేసుకుని చలికాచుకుంటున్నారు. ఇంట్లోకి అడుగుపెడుతూనే పీత డబ్బా చూపించమన్నాను. పైన జాలీ ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టె. అడుగున వేలెడు మందం రంగు గులకరాళ్ళు. ఒక మూల తడి స్పాంజి. పీత మీద ఎర్రగా మెరిసే రంగు పూసి, కార్టూన్ బొమ్మ వేసిన గుల్ల. నిర్మల్ బొమ్మలకు రంగు ఎంత అందమో, ఈ గుల్లకు అంత కీడు. పెచ్చులు లేచిన రంగును పీత గీరుకుని తింటుంది. థర్మామీటరు పెట్టి చూస్తే 16 డిగ్రీలు. దానికి కావలసింది 25 నుంచి 28. తేమ 40 శాతం దగ్గర ఆడుతోంది.

చచ్చిందేమోనని చెల్లె అనుమానం. వాసన చూశాను. చచ్చిన పీతకు కుళ్ళిన చేప కంపు కొడుతుంది, తప్పించుకోలేం. ఆ వాసన లేదు. మీసం లాంటి స్పర్శశృంగం మెల్లగా కదిలింది. "ఉన్నదే బిడ్డా" అన్నాను. ఆ పిల్ల ముఖం చూడాలి!

"పెన్‌గంగల ఇడ్సిపెడితే బతకదా?" అని బావ అడిగాడు. దయతోనే అన్న మాట. కానీ నేల పీత నీళ్ళలో మునిగే ఉంటే చచ్చిపోతుంది, నదిలోనైనా సముద్రంలోనైనా. తీరానికి తీసుకెళ్ళి ఇసుకలో వదిలినా మేలు జరగదు. ఇది ఏ జాతిదో, ఏ తీరం నుంచి వచ్చిందో, దుకాణంలో ఏ రోగం అంటించుకుందో ఎవరికీ తెలియదు. అక్కడున్న వాటికి ఇది ఆ రోగాన్ని అంటించవచ్చు. ఇంటికి తెచ్చాక ఇంట్లోనే దానికి తగిన చోటు చేసిపెట్టాలి. అంతకు మించిన దారి లేదు.

చేపలు పోయి అటక మీద పడివున్న ఒక అద్దాల తొట్టి దొరికింది. సబ్బు వాడకుండా వేడినీళ్ళతో కడిగాం. అయిదు పాళ్ళు మానేరు ఇసుక, ఒక పాలు నానబెట్టిన కొబ్బరిపొట్టు కలిపి, జానెడుకు కొంచెం తక్కువ లోతుగా నింపాం. తడి ఎంతుండాలంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. పీత అందులో సొరంగం తవ్వితే కూలకూడదు. ఆ తడిని కూడా క్లోరిన్ తీసిన నీళ్ళతోనే చేయాలి. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ మన ఆరోగ్యానికి అవసరం, మొప్పలకు మాత్రం మంట. చేపల దుకాణంలో దొరికే విరుగుడు చుక్కలు వేస్తే సరిపోతుంది.

గిన్నెలు రెండు పెట్టాం. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళు. వంటింటి అయోడిన్ ఉప్పు పనికిరాదు. పీత రెండింటిలోనూ దిగి, తనకు కావలసినంత ఉప్పదనం చూసుకుని గుల్లలో నీళ్ళు నింపుకుంటుంది. పడితే ఎక్కి రావడానికి గిన్నెలో ఒక రాయి ఉంచాం. జాలీకి బదులు పైన అద్దం మూత వేయగానే తేమ మీటరు ముల్లు పైకి కదలడం మొదలైంది. వేడి కోసం ఒక కరెంటు ప్యాడ్‌ను తొట్టి వెనక అద్దానికి, ఇసుక మట్టానికి పైన అతికించాం. అడుగున పెడితే ఇసుకలో దాగిన పీత ఉడికిపోతుంది.

ఇప్పుడు గుల్లలు. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది వీటి మీదే. సీనోబైటాకు గుండ్రటి నోరున్న గుల్లలు ఇష్టం. పూజకు వాడే శంఖాల నోరు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, దానికి నప్పదు. మన చెరువుల్లో ఉండే పైలా నత్త గుల్ల నోరు వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. విదేశాల్లో ఈ పీతలను పెంచేవాళ్ళు పైలా గుల్లలను ఏరికోరి కొంటారు. మాకు లోయర్ మానేరు డ్యామ్ అంచుల్లో, చెరువు కట్టల కింద కొంగలు తిని పడేసినవి ఊరికే దొరుకుతాయి. వాటిని మరిగించి తెచ్చాను. పీత పెద్ద డెక్క వెడల్పుకు అటూ ఇటుగా సరిపోయేవి కొన్ని ఏరి తొట్టిలో వరసగా పెట్టింది మేనకోడలు. రంగు గుల్లలోంచి పీతను బలవంతంగా లాగొద్దని గట్టిగా చెప్పాను. వదిలిపెట్టే బదులు రెండుగా చీలిపోయినా పోతుంది.

తీరాల్లో ఈ గుల్లలకు ఎంత కరువుందో ఆ రాత్రి ఇంట్లో వాళ్ళకు చెప్పాను. విశాఖకో సూర్యలంకకో పోయిన ప్రతివాళ్ళూ గుప్పెడు గుల్లలు తెచ్చి షోకేసులో పెడతారు. మిగిలిన చోటును చెత్త ఆక్రమిస్తోంది. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో జనం తీసి పెట్టిన ఫోటోలను పరిశీలిస్తే, 16 జాతుల నేల పీతల్లో 10 జాతులు ప్లాస్టిక్ మూతలు, బల్బు ముక్కలు వీపున వేసుకుని కనిపించాయి. 2019లో వచ్చిన మరో పరిశోధన హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులు, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవి గురించి. ఒడ్డున పడ్డ సీసాల్లో, డబ్బాల్లో చిక్కి బయటికి రాలేక చచ్చిన పీతలు అక్కడ సుమారు 5 లక్షల 70 వేలని అంచనా వేశారు. ఒకటి చావగానే వచ్చే వాసనకు ఖాళీ గుల్ల దొరుకుతుందని మిగతావి అటే వస్తాయి, అవీ అందులోనే పడతాయి. ఇది చెబుతుంటే నా గొంతు నాకే బరువైంది. ఎవరూ అడగకుండానే మా చెల్లె షోకేసులోని గుల్లల వైపు చూసింది.

తొట్టి లోపల వేడి నిలకడగా 26కు వచ్చాక పీతను అందులోకి దించాం. చాలాసేపు కదల్లేదు. అందరూ పడుకున్నాక ఇసుకలో గీతలు పడ్డాయి, ఉప్పునీళ్ళ గిన్నె అంచు తడిసి ఉంది. తిండికి దుకాణం గుళికలు మాన్పించి జామపండు ముక్క, ఉప్పు లేని ఎండు రొయ్య, పల్లీ, సముద్రఫేనం పొడి పెట్టాం. పెంకు గట్టిపడాలంటే సున్నం కావాలి, సముద్రఫేనం నిండా అదే. తెల్లారి చూస్తే ఎండు రొయ్య లేదు. ఎర్ర గుల్ల ఖాళీగా పడి ఉంది. పీత పైలా గుల్లలో ఉంది.

"పోయిన కాలు మల్ల వస్తదా మామా?" అని అడిగింది ఆ పిల్ల.

వస్తుంది. ముందు చిన్న జిగురు మొగ్గలా మొలిచి, పెంకు మార్చుకున్నప్పుడు కాలుగా విప్పుకుంటుంది. పెంకు మార్చుకోవడానికి పీత ఇసుక అడుగుకు పోతుంది, వారాల నుంచి నెలల దాకా కనిపించదు. విడిచిన పెంకును అక్కడే తిని సున్నాన్ని తిరిగి ఒంట్లోకి తీసుకుంటుంది. ఆ రోజుల్లో దాని ఒళ్ళు మెత్తటి ముద్ద. ఏమైందో చూద్దామని తవ్వి చంపుకున్న వాళ్ళే ఎక్కువ. ఇవన్నీ ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. వేసవిలో ఆదిలాబాద్ ఎండకు తొట్టిని ఏ గదిలో పెట్టాలో, కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ఎటువైపు ఆనించాలో కూడా రాసుకుంది. ఇంకో పీతను కొననని తనంతట తానే అన్నది.

తిరుగు ప్రయాణంలో బస్సు నిర్మల్‌లో ఆగినప్పుడు ఫోన్ వచ్చింది. "మామా, తేమ 78 ఉన్నది. అది ఇసుకలకు పోయింది. ఒక్కసారి కొంచెం జరిపి చూడాల్నా?"

"వద్దు బిడ్డా. నీళ్ళు మార్చేటప్పుడు తప్ప మూత తియ్యకు. ఎన్ని రోజులైనా సరే, దానంతట అదే రావాలె."

"సరే. మూలకు అద్దం కొంచెం సందున్నది, టేపు వేస్తున్న" అని పెట్టేసింది.