కుక్క మెడలోని బిళ్ల

ఇంట కుక్కను పెంచు సోదరీమణులు దాని తిండిని గూర్చియు, స్నానమును గూర్చియు, పిల్లలతోడి దాని చెలిమిని గూర్చియు గంటలకొలది ముచ్చటింతురు. దాని మెడలోని బిళ్లపై నేమి వ్రాయింపవలయునని యడిగితిమా, "ఏమున్నది, దాని పేరే" యని తేలికగా ననివేయుదురు. ఈ మాట నాకు సరిపడలేదు. కుక్క పేరు మనకు తెలియును, ఇరుగుపొరుగులకును తెలియును. బిళ్లను చదువువాడు మన మెన్నడును చూడనివాడు, మన వీధి యెరుగనివాడు. మన కుక్క వాని చేత చిక్కిన ఆ రెండు నిమిషములలో వానికేమి తెలియవలయునో అదియే దానిపై నుండవలయును.

దారితప్పిన పశువు కనబడినప్పుడు మన పల్లెలలో మొట్టమొదట పుట్టు ప్రశ్న "దీని పేరేమి?" యని కాదు, "ఇది యెవరిది?" అని. సంతలో తప్పిపోయిన పసివానినైనను "ఎవరి పిల్లవాడవు నాయనా?" యనియే యడుగుదుము. కాళిదాసుని నాటకమున శకుంతల వ్రేలి యుంగరముపై నుండినది దుష్యంతుని పేరే గాని శకుంతల పేరు గాదు. జాలరివాని చేత పడిన యుంగరము రాజసన్నిధికి చేరుటకు ఆ యక్షరములే కారణము. అశోకవనమున హనుమంతుడు చూపిన యుంగరమును రామనామాంకితమే గదా. బ్రిటనులో 1992 నాటి యుత్తరువు కూడ ఈ విధముగనే యున్నది. బహిరంగస్థలమునకు తెచ్చిన కుక్క పట్టెడపై, వేటకుక్కలు మున్నగు కొన్నిటికి తప్ప, యజమాని పేరును చిరునామాయు నుండితీరవలయును. కుక్క పేరును వా రడుగలేదు.

పేరు వ్రాయించుట నిష్ప్రయోజనమే కాదు, ఒక్కొక్కప్పుడు కీడును చేయును. మా వీధి చివరి యింటివారు తమ కుక్క మెడలో మెరుగుబిళ్ల యొకటి కట్టి దానిపై కుక్క పేరు మాత్రము చెక్కించిరి. దీపావళినాటి రాత్రి టపాకాయల మ్రోతకు బెదరి యది గోడ దుమికి పారిపోయెను. (మనకంటె కుక్క చెవి మిక్కిలి సూక్ష్మము, ఆ రాత్రి దానిని లోపలి గదిలో నుంచి తలుపు వేయుట మేలు.) వారము దినములకు అది పొరుగూరి సంతలో నొకని వెంట కనబడినది. ఆతడు పేరు పెట్టి పిలువగానే తోక యాడించుచు వాని కడకు పోయెను. "నా పిలుపు వినుచున్నది చూడుడు, నాది కాదందురా?" యని వాని వాదము. ఆ బిళ్ల వానికి కుక్కను వశపరచుకొను మంత్రము నందిచ్చినట్లైనది. పెద్దమనుష్యులు కలుగజేసికొని పాత ఛాయాపటములు చూచిన మీదట గాని కుక్క యిల్లు చేరలేదు.

మా కుక్కకు సరమ యని పేరు పెట్టితిని. యజ్ఞవాటికకు వచ్చిన సరమ పిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిరని భారతకథ. ఎవరిదో తెలియని కుక్క కనబడిన కర్ర యెత్తుట లోకము నేటికిని మానలేదు. పాలవాడు దానిని సరమ్మ యనును. వీధిలోని పిల్లలు "మేష్టారి కుక్క" యందురు. ఈ రెండవదియే బిళ్లకు తగినదని నాకు తోచినది.

ఎవరి ఫోను నంబరు వేయింపవలె నన్నచోట మాత్రము మాయింట కొంత చర్చ జరిగినది. మావారు తమది చాలుననిరి. నా నంబరు కుక్క మెడలో వ్రేలాడుచు వీధులు తిరుగుట వారికి ఇష్టము లేకపోయెను. స్త్రీ గొంతు వినబడినచో వేళగాని వేళ పిలిచి వేధించు నీచులు లేకపోలేదు; కావున వారి శంక నిర్హేతుకమని యనజాలను. కాని వారు తరగతిలో నున్నంతసేపు వారి ఫోను పలుకదు. పగటివేళ ఇంట నుండుదానను నేను. తుదకు నంబర్లు రెండును వేయించితిమి. ఇంటిపేరుతో సహా పేరు వారిది, దాని క్రింద ఊరి పేరు. రెండవ నంబరు ఎవరిదో వ్రాయింపలేదు. ఇంటి నంబరును విడిచితిమి. తాళము వేసిన యింటి జాడ అందరికి నేల?

వెనుకవైపున "రేబిస్ టీకా వేసినది" యని మూడు మాటలు కొట్టించితిని. టీకా మరల మరల వేయింపవలసినది గావున తేదీని చెక్కించుట వలదు. వైద్యుని కాగితమింట నున్న చాలును. ఈ మాటలు చూచి యెవరును ధైర్యపడి యూరకుండరాదు. కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయును. ఆ వ్యాధి లక్షణములు పైకి వచ్చిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి యరుదు. అయినను యజమాని తెలిసినయెడల కుక్కను కట్టి 10 దినములు కనిపెట్టవచ్చును. అన్నినాళ్లును అది ఆరోగ్యముగా నున్నచో కరచిననాడు దాని చొంగలో వ్యాధి లేదని వైద్యులు నిశ్చయింతురు. అంతవరకు బిడ్డకు చికిత్స మాత్రము ఆపరాదు. కుక్క యెవరిదో, ఏ దిక్కున పోయినదో తెలియని తల్లికి ఈ నిశ్చయము దొరకదు. నా బిళ్ల యొకవంతు ఆ తల్లి కొరకే.

బియ్యపుగింజంత చిప్పును చర్మము క్రింద నుంచు పద్ధతియు కలదు. అందు 15 అంకెల సంఖ్య యుండును. ఇంగ్లండులో 2016 నుండి కుక్కల కిది తప్పనిసరి. అది ఊడిపోదు, అరిగిపోదు. కాని దానిని చదువుటకు యంత్రము కావలయును. చేనిగట్టున మన కుక్కను చూచిన గొర్రెలకాపరికి ఆ యంత్రమెక్కడిది? కుక్క యెక్కడ నున్నదో చిప్పు చెప్పునని కొంద రనుకొందురు గాని, అదియు నిజము కాదు.

బిళ్లను పాత్రల దుకాణమున చెక్కించితిని. గిన్నెలపై పేర్లు కొట్టు నాతడు మొదట కుక్క పేరడిగెను. "పెండ్లివారి కెరువిచ్చు గుండిగపై గుండిగ యని కొట్టుదువా, ఇచ్చినవారి పేరు కొట్టుదువా?" యంటిని. నవ్వి మారుమాటాడక పని మొదలుపెట్టెను. అక్షరములు తెలుగున, అంకెలు మాత్రము ఫోనులో నున్నట్టివే. తెలుగంకెలపై నాకెంత మమకారమున్నను గొర్రెలకాపరి వేలు వాటిని గుర్తింపదు. కంచుకంటె ఉక్కురేకు మేలనియు, పట్టెడకు తగిలించు కడియము తాళపుచెవుల గుత్తికున్నట్టి రెండుచుట్ల దైన నూడదనియు చెప్పినాడు. పట్టెడకును మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరునంత సందుండవలయును. వెనుకవైపున అడుగుసగము ఖాళీగా విడిపించితిని. నంబరు మారినయెడల దానినచ్చట కొట్టించుకొనవచ్చును.