రెండు చలాన్లు

మా నాన్నకి మూడు నాలుగేళ్ళకోసారి బదిలీ అవుతుంది. ప్రతిసారీ సామాన్లలో కొన్ని అమ్మేస్తాం, కొన్ని ఎవరికో ఇచ్చేస్తాం. స్కూటర్ మాత్రం మాతోనే వస్తుంది. అది విశాఖపట్నంలో కొన్నది. ఢిల్లీ వచ్చాక కూడా దాని ప్లేటు మీద 'ఏపీ' అనే అక్షరాలు అలాగే ఉన్నాయి. మార్కెట్లో తెలుగువాళ్ళెవరైనా ఆ ప్లేటు చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అని ఆగుతారు. అందుకే నాకు ఆ నంబరంటే ఇష్టం.

కానీ ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త రాష్ట్రం నంబర్ తీసుకోవాలి. మనలా ఊళ్ళు మారేవాళ్ళ కోసం 2021 నుంచి 'బీహెచ్' సిరీస్ నంబర్లు వచ్చాయి గాని, మా స్కూటర్ నంబర్ ఆ సిరీస్‌ది కాదు. మేం వచ్చి పదకొండో నెల నడుస్తుండగా నాన్న ఎన్‌ఓసీ కోసం కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. బండి మీద బకాయిలేమైనా ఉన్నాయేమో చూద్దామని ఒక ఆదివారం పరివాహన్ సైట్ తెరిచి నంబర్ కొట్టారు. రెండు చలాన్లు కనిపించాయి.

"మనకి మెసేజ్ ఏదీ రాలేదే!" అంది అమ్మ.

ఎలా వస్తుంది? మెసేజ్ వెళ్ళేది బండి రికార్డులో ఉన్న ఫోన్ నంబర్‌కి. రికార్డులో ఉన్నది నాన్న విశాఖలో వాడిన పాత సిమ్. ఇక్కడికి రాగానే దాన్ని వదిలేశారు. బ్యాంకులో మార్చారు, గ్యాసుకి మార్చారు, మా స్కూల్లో కూడా మార్చారు. స్కూటర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మొదటి చలాన్‌తో పాటు ఫోటో ఉంది. మా కాలనీ దగ్గరి సిగ్నల్. నాన్న తల మీద హెల్మెట్ ఉంది. వెనక కూర్చున్న నా తల మీద లేదు. నా చేతుల్లో చెల్లి పుట్టినరోజు కేకు డబ్బా. జరిమానా 1,000 రూపాయలు. రెండోది మేమెవరం ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళో, ఎర్ర లైటు దాటినందుకు వేసింది.

ఆ సాయంత్రం పక్క క్వార్టర్ అంకుల్ టీకి వచ్చి తలో సలహా ఇచ్చినట్టు ఆయనొక్కరే మూడు సలహాలిచ్చారు. ఒకటి, పట్టించుకోకుండా వదిలెయ్యడం. రెండు, లోక్ అదాలత్ పెట్టేదాకా ఆగి తక్కువ కట్టడం. మూడు, రెండూ మావి కావని రాసెయ్యడం. "ఒకటి ఎలాగూ తప్పే కదా, దానితో పాటు రెండోదీ పోతుంది" అన్నారు. ఫోన్లో తాతయ్య నాలుగోది చెప్పారు: "అక్కడ మనకి తెలిసినవాళ్ళెవరూ లేర్రా?"

నాన్న ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నారు. ఏ ఫైలొచ్చినా ఆయన అలాగే చేస్తారు. వదిలేస్తే చలాన్ మాయమైపోదు, కోర్టుకి వెళ్తుంది. ఎన్‌ఓసీ దగ్గర మళ్ళీ అడ్డొస్తుంది. లోక్ అదాలత్ దొడ్డిదారి కాదు, చట్టం ఒప్పుకున్న దారే. చలాన్లు పేరుకుపోయి అంత మొత్తం కట్టలేనివాళ్ళకి అక్కడ తగ్గించి తేల్చేస్తారు. కానీ దాని తేదీ వచ్చేదాకా ఆగాలి. ఇక మిగిలినవి రెండు. తప్పు మనదైతే కట్టెయ్యడం, కాదనుకుంటే కాదని చెప్పడం. "కట్టడమంటే ఒప్పుకున్నట్టే. ఒప్పుకోనివాడికి కోర్టులో చెప్పుకునే హక్కుంది" అన్నారు నాన్న.

అప్పుడు అమ్మ అంది, "ఆ రోజు రెండో హెల్మెట్ కనబడలేదు కదా. కేకు షాపు మూసేస్తారని అలాగే వెళ్ళారు. ఆ ఉన్నమాటే రాయండి, తగ్గిస్తారేమో."

నాన్న పెన్ను తీశారు. "ఇంటినుండి బయలుదేరునప్పుడు రెండవ హెల్మెట్ ఎంత వెతికినా..." అని చదువుతూ రాస్తున్నారు. నా గుండె దడదడలాడింది. ఎందుకంటే ఆ రోజు వెతికింది నేను. హెల్మెట్ తలుపు వెనకే ఉంది. ఉదయం తలస్నానం చేసి జుట్టు నిలబెట్టుకున్నాను. ఫోటోల్లో అణిగిపోయి కనిపిస్తుందని "దొరకలేదు నాన్నా" అన్నాను. ఆ మాట ఇంట్లోనే ఉండిపోతే పెద్ద విషయం కాదనుకున్నాను. ఇప్పుడు అది నాన్న సంతకంతో కోర్టుకి వెళ్ళబోతోంది.

"నాన్నా, రాయకండి" అన్నాను. మిగతాది ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. అంకుల్ ముందే చెప్పాను.

నాన్న తిడతారనుకున్నాను. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టి, "బండి నడిపింది నేను. వెనకవాడి తల చూసుకోవాల్సింది కూడా నేనే" అన్నారు. సంక్రాంతికి తాతయ్య ఇచ్చిన 600 రూపాయలు తెచ్చి ఇచ్చాను. వద్దంటారనుకున్నాను. 500 తీసుకుని వంద వెనక్కిచ్చి, "సగం నీది, సగం నాది" అన్నారు. ఆ రాత్రే సైట్లో కట్టేసి రసీదు దాచారు. నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ బండి మీద హెల్మెట్ పెట్టుకోవాలని చట్టంలో ఉందని, లేకపోతే జరిమానాతో పాటు లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నా జుట్టు కోసం నాన్న లైసెన్సు!

రెండో చలాన్ పని నాకే అప్పగించారు. ఫోటోని పెద్దది చేసి చూశాను. అందులో ఉన్నది మోటార్ సైకిల్. మాది స్కూటర్. ప్లేటు మీద చివరి అంకె 3, దాని మీద మట్టి. మాది 8. అంతే తేడా! మా స్కూటర్‌ని ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫోటోలు తీశాను. ఆర్‌సీ కాపీ, ఆ రోజు నాన్న ఢిల్లీ ఆఫీసులో ఉన్నట్టు హాజరు కాగితం జత చేశాం. ఇంగ్లీషు క్లాసులో ఫిర్యాదు ఉత్తరాలు రాసి రాసి విసుగొచ్చేది. నిజంగా పనికొచ్చిన మొదటి ఉత్తరం ఇదే. సైట్లోనే ఫిర్యాదు పెట్టాం. దాదాపు మూడు వారాల తర్వాత చూస్తే ఆ చలాన్ లేదు.

అది చూసి నాన్న అన్నారు, "మొదటిది కూడా మనది కాదని రాసుంటే, ఈ రెండో ఉత్తరం రాసేటప్పుడు నీ చెయ్యి ఇంత గట్టిగా రాసేదా?" నేనేమీ మాట్లాడలేదు. రాసేది కాదని నాకు తెలుసు.

మీ ఇంట్లో కూడా బదిలీ సామాన్లు కడుతుంటే రెండు పనులు చెయ్యండి. బండి రికార్డులో ఫోన్ నంబర్ మార్పించండి. చలాన్ అని మెసేజ్ వస్తే అందులోని లింకు నొక్కకండి, దొంగ మెసేజ్‌లు చాలా వస్తున్నాయి. సైట్ పేరు మీరే కొట్టి చూసుకోండి.

మా స్కూటర్‌కి ఇప్పుడు 'డీఎల్' నంబర్ వచ్చింది. మార్కెట్లో మమ్మల్ని ఇక ఎవరూ ఏ ఊరని అడగరు. పాత ప్లేటు నా బల్ల మీద పెట్టుకుంటానంటే నాన్న ఒప్పుకోలేదు, దాన్ని ఆఫీసులో ఇచ్చెయ్యాలట. నా హెల్మెట్‌కి మాత్రం తలుపు వెనక కాకుండా తలుపు ముందు ఒక మేకు కొట్టారు. ఇక అది దొరకలేదని నేననలేను.