పటంలో లేని పర్వతాలు

నా దగ్గర రెండు అట్లాసులు ఉన్నాయి. ఒకటి మా తాతగారిది. ఆయన కూడా బడిపంతులే. దాని అట్ట ఊడిపోయింది, కాగితాలు పండుటాకుల్లాగా పసుపుపచ్చగా మారిపోయాయి. రెండవది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1982లో, మొదటి జీతం అందుకోగానే కొనుక్కున్నది.

కిందటి వేసవి సెలవులకు వచ్చిన మా మనమడు ఈ రెంటినీ అరుగు మీద పక్కపక్కన పరుచుకుని చూస్తూ, "తాతయ్యా, ఈ కొండలు నీ పుస్తకంలో ఉన్నాయి, ముత్తాతగారి పుస్తకంలో లేవు. మధ్యలో మొలిచాయా?" అని అడిగాడు.

వాడు వేలుపెట్టి చూపినది సైబీరియాలో ఈశాన్యపు మూల.

"కొండలు మొలవలేదురా. మనుషులు ఆలస్యంగా చూశారు," అన్నాను. ఆ కథ వాడికి చెప్పాను. మీకు కూడా చెబుతాను. దానితోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పవలసి ఉన్నది.

ఆసియా పటం తీసి చూడండి. పైన కుడివైపున లేనా, యానా, ఇండిగిర్కా, కోలిమా అనే నాలుగు నదులు వరుసగా ఉత్తరానికి పారి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తాయి. లేనా నదికి తూర్పున విల్లులాగా వంగి ఉన్నవి వెర్ఖొయాన్‌స్క్ పర్వతాలు. వాటికి ఇంకా తూర్పున, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, దాదాపు 1,500 కిలోమీటర్ల పొడవున పరుచుకున్నవి చెర్‌స్కీ పర్వతాలు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీసినా అంత పొడవు ఉండదు. ఇంత పెద్ద పర్వతశ్రేణి 1926 దాకా ఏ పటంలోనూ సరిగా లేదు. ఆ రోజుల్లో గీసిన పటాలు ఇండిగిర్కా నది నడిమి భాగాన పల్లపునేల చూపించేవి!

చెర్‌స్కీ అన్నది ఒక మనిషి పేరు. ఇవాన్ చెర్‌స్కీ 1845లో పుట్టాడు. అప్పుడు పోలండ్ దేశంలో చాలా భాగం రష్యా చక్రవర్తి చేతిలో ఉండేది. 1863లో అక్కడివాళ్ళు తిరుగుబాటు చేశారు. అందులో పాల్గొన్నందుకు పద్ధెనిమిదేళ్ళ చెర్‌స్కీని పట్టుకుని, సైబీరియాలోని ఓమ్‌స్క్ పట్టణానికి సిపాయిగా పంపేశారు. చదువు మధ్యలో ఆగిపోయింది. అయినా ఆ కుర్రవాడు దిగులుపడి కూర్చోలేదు. దొరికిన పుస్తకమల్లా చదివాడు, దొరికిన రాయినల్లా పరీక్షించాడు. కొంతకాలానికి బైకాల్ సరస్సు ఒడ్డంతా తిరిగి, అక్కడి రాళ్ళ వివరాలతో పటం తయారుచేశాడు. దేశం అతన్ని నేరస్థుడుగా పంపితే, అతను శాస్త్రజ్ఞుడై తేలాడు.

1891లో రష్యా సైన్సు అకాడమీవారు అతన్ని కోలిమా నదీప్రాంతానికి పరిశోధనకు పంపారు. అప్పటికే అతనికి జబ్బుగా ఉన్నది. వెంట భార్య మావ్రా, పన్నెండేళ్ళ కొడుకు కూడా బయలుదేరారు. మావ్రాకు శాస్త్రం నేర్పిన గురువు భర్తే. యాకూత్‌స్క్ నుంచి గుర్రాల మీద బురదనేలలూ, ఏరులూ, కొండలూ దాటుకుంటూ వేసవి అంతా ప్రయాణం చేసి, వాళ్ళు కోలిమా ఎగువన ఉన్న వెర్ఖ్‌నె కోలిమ్‌స్క్ అనే చిన్న ఊరు చేరారు. దారిలో ఒకదాని వెనుక ఒకటిగా కొండవరసలు అడ్డం వచ్చాయి. చెర్‌స్కీ ఆ వివరాలన్నీ రాసి పెట్టుకున్నాడు.

ఆ చలికాలం అక్కడే గడిపారు. చలికాలమంటే మామూలు చలికాలం కాదు. సరిగ్గా ఆ 1892 ఫిబ్రవరిలోనే, అక్కడికి పడమరగా ఉన్న వెర్ఖొయాన్‌స్క్ ఊళ్ళో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 67.8 డిగ్రీలకు పడిపోయింది!

వేసవిలో మంచు కరిగి, కోలిమాలో పడవ కదిలేనాటికి చెర్‌స్కీ లేవలేని స్థితిలో ఉన్నాడు. తాను బతకనని అతనికి తెలుసు. అయినా వెనక్కు తిరగటానికి ఒప్పుకోలేదు. తాను దారిలో పోయినా, మావ్రా పెత్తనం కింద పరిశోధన సాగి తీరాలని ఏర్పాటు చేశాడు. 1892 వేసవిలో పడవలోనే ప్రాణం విడిచాడు. మావ్రా భర్తను నది ఒడ్డున పాతిపెట్టింది. ఆపైన కళ్ళు తుడుచుకుని పడవను ముందుకు నడిపించింది. నిఝ్‌నె కోలిమ్‌స్క్ దాకా వెళ్ళి, తలపెట్టిన పని పూర్తిచేసి, పోగుచేసిన వస్తువులనూ, రాతలనూ భద్రంగా అకాడమీకి చేర్చింది. అప్పుడు చాలామంది ఆ రాతలను పెద్దగా పట్టించుకోలేదు.

ముప్ఫయి నాలుగు ఏళ్ళు గడిచాయి. 1926లో సెర్గీ ఒబ్రుచేవ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇండిగిర్కా నదీప్రాంతానికి వెళ్ళాడు. చేతిలో పటం ఉన్నది. ఆ పటం ప్రకారం ముందు పల్లపునేల రావాలి. వచ్చినవి కొండలు! ఒక వరస దాటితే ఇంకొక వరస. ఒబ్రుచేవ్ పటం మూసి కళ్ళు తెరిచాడు. తిరిగి వచ్చాక, ఇవన్నీ కలిసి ఒకే మహా పర్వతశ్రేణి అని లోకానికి చెప్పాడు. కొండలను కనిపెట్టినవాడు తన పేరు పెట్టుకోవచ్చునని మీరు అనుకుంటారు. కాని ఆ శ్రేణికి, ముందుగా ఆ దారిన నడిచి ప్రాణం పోగొట్టుకున్న చెర్‌స్కీ పేరు పెట్టారు.

ఇక ఆ కొండలు ఎట్లా ఉంటాయో వినండి.

వాటిలో అన్నిటికన్న ఎత్తయినది పొబేదా శిఖరం. పొబేదా అంటే విజయం. నా 1982 అట్లాసులో దాని ఎత్తు 3,147 మీటర్లు అని ఉన్నది. మా మనమడి పుస్తకంలో 3,003 మీటర్లు అని ఉన్నది. కొండ అరిగిపోలేదు. కొలత మెరుగుపడింది. హిమాలయాల పక్కన నిలబెడితే ఇది పొట్టిదే. కాని ఉత్తరధ్రువానికి బాగా దగ్గర కాబట్టి దాని చుట్టూ హిమానీనదాలు ఉన్నాయి. చలి అంత ఉన్నా, అవి చిన్నవే. ఎందుకంటే, గడ్డకట్టటానికి ముందు మంచు కురవాలి కదా! చలికాలంలో అక్కడి గాలి ఎంత చల్లనో అంత పొడి.

ఇండిగిర్కా నది ఈ కొండలను తప్పుకుని పోదు. మన గోదావరి పాపికొండల మధ్య దూరినట్టు, ఇదికూడా కొండలను నిలువునా కోసుకుంటూ లోతైన గండిలోనుంచి సుడులు తిరుగుతూ పోతుంది. నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైన కొద్దిపాటి మన్ను మాత్రం కరుగుతుంది. ఆ కాస్త మన్నులోనే లార్చి చెట్లు వేళ్ళు పక్కలకు చాపి బతుకుతాయి. వీటి ఆకులు సూదుల్లాగా ఉంటాయి. పైన్ చెట్టు ఆకులు అన్ని కాలాలలోనూ పచ్చగా ఉంటే, లార్చి చెట్టు మాత్రం చలికాలం ముందు ఆకులన్నీ రాల్చి మోడులాగా నిలబడి ప్రాణం దక్కించుకుంటుంది.

ఇంకొక వింత. చలికాలంలో ఏరు పైనుంచి అడుగుదాకా గడ్డకడుతూ వస్తే, కింద పారే నీటికి దారి ఉండదు. అది మంచును పగలగొట్టుకుని పైకి ఉబికి, పరుచుకుని, గడ్డకడుతుంది. దాని మీద మళ్ళీ ఇంకొక పొర. ఇట్లా పొరమీద పొర పేరి, మైళ్ళ తరబడి మంచు మైదానం తయారవుతుంది. అక్కడి యాకూత్ జనం దీన్ని "తరిన్" అంటారు. మోమా నది మీద ఉన్న తరిన్ ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవు ఉంటుంది. కొన్ని తరిన్లు వేసవి అంతా ఎండ కాసినా పూర్తిగా కరగవు.

ఆ కొండల మధ్య మనుషులు లేకపోలేదు. యాకూత్‌లు బొచ్చుగుర్రాలను పెంచుతారు. ఆ గుర్రాలు చలికాలంలో కూడా ఆరుబయటే ఉండి, గిట్టలతో మంచు తవ్వి అడుగున ఉన్న గడ్డి మేస్తాయి. ఎవెన్ జాతివాళ్ళు రెయిన్‌డీర్ మందలు తోలుకుని తిరుగుతారు. కొండల నడుమ పల్లంలో ఒయ్‌మ్యకోన్ అనే ఊరు ఉన్నది. 1933 ఫిబ్రవరిలో అక్కడ సున్నాకు దిగువన 67.7 డిగ్రీలు నమోదయింది. గట్టి చలిలో ఊపిరి వదిలితే, అందులోని ఆవిరి అప్పటికప్పుడే మంచురవ్వలై, చెవి పక్కన సన్నగా రవరవమంటుంది. ఆ శబ్దాన్ని అక్కడివాళ్ళు "నక్షత్రాల గుసగుస" అంటారు. వేసవిలో మాత్రం అదే ప్రాంతం వేడెక్కుతుంది. 2020 జూన్ 20న వెర్ఖొయాన్‌స్క్‌లో 38 డిగ్రీల ఎండ కాసింది! ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన అంతకు మించిన వేడి ఎన్నడూ నమోదుకాలేదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒయ్‌మ్యకోన్‌లో ప్రాణాలు తీసే చలిగా ఉన్న రోజున, పక్కనున్న కొండ ఎక్కితే ఏమవుతుంది? చలి ఇంకా ఎక్కువ అవుతుందని మీరు అంటారు. నేనూ అట్లాగే అనేవాణ్ణి. కాని ఆ కొండమీద పల్లంలో కన్న పది, పదిహేను డిగ్రీలు వెచ్చగా ఉండవచ్చు!

కారణం కష్టమైనది కాదు. అక్కడ చలికాలంలో రాత్రి చాలా పొడవు. ఆకాశంలో మబ్బు ఉండదు, గాలి కదలదు. మంచు కప్పిన నేల తనలోని వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువైన గాలి నీళ్ళలాగా వాలువెంట జారి పల్లంలో చేరుతుంది. చుట్టూ కొండలు గోడల్లాగా ఉంటే అది బయటికి పోలేదు. కుండలో నీళ్ళలాగా నిలిచిపోయి రోజురోజుకూ ఇంకా చల్లబడుతుంది. తేలికైన వెచ్చని గాలి పైన ఉండిపోతుంది.

ఇది నాకు ఎవరూ చెప్పక ముందే ఒక కుర్రవాడు చెప్పాడు. నేను వినలేదు.

1984లో నేను విశాఖ మన్యంలో, చింతపల్లి వైపు ఒక బళ్ళో పనిచేసేవాణ్ణి. పరీక్షలో "ఎత్తునకు పోయినకొలది ఉష్ణోగ్రత ఏమగును?" అని ప్రశ్న ఇచ్చాను. రెండు మార్కులు. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఇట్లా రాశాడు: "తగ్గుతుందని పుస్తకంలో ఉంది. మా ఊళ్ళో పుష్యమాసంలో తెల్లవారుజామున పల్లంలోనే చలి ఎక్కువ. పల్లపు చేలో వేసిన పాదులు మంచుకు మాడిపోతాయి. గుట్టవాలులో వేసినవి మాడవు."

నేను ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి సున్న వేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ జవాబు క్లాసులో పైకి చదివి, "ఈయనగారి ఊళ్ళో భూగోళం తలకిందులుగా ఉన్నది," అన్నాను. పిల్లలంతా నవ్వారు. వాడు తల వంచుకున్నాడు.

రెండేళ్ళ తరువాత, సోవియట్ పుస్తకాలు అమ్మే బండి మా ఊరు వచ్చినప్పుడు ఒక పుస్తకం కొన్నాను. అందులో చెర్‌స్కీ కథ చదివాను, ఒయ్‌మ్యకోన్ చలి గురించి చదివాను. చదువుతూ చదువుతూ ఉలిక్కిపడ్డాను. పటంలో లేవు గనక కొండలు లేవన్నవాళ్ళకూ, పుస్తకంలో లేదు గనక పల్లంలో చలి లేదన్న నాకూ తేడా ఏమిటి? పుస్తకంలో ఉన్న సూత్రం అబద్ధం కాదు. కాని అది అన్ని చోట్లా, అన్ని వేళలా చెల్లదు. అది వాడికి తెలుసు, ట్రైనింగు పాసైన నాకు తెలియలేదు. మరునాడు క్లాసులో నా తప్పు ఒప్పుకుందామంటే, వాడు అప్పటికే బడి విడిచి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళ క్రితం పని ఉండి చింతపల్లి వెళ్ళాను. సంతలో ఒకాయన ఎదురై, "మేష్టారూ, బాగున్నారా?" అంటూ దణ్ణం పెట్టాడు. గుట్టవాలులో కాఫీ, మిరియాలు పండిస్తున్నాడట. నేను పోల్చుకున్నాను.

"నాయనా, నీకు నేను రెండు మార్కులు బాకీ," అని మొత్తం కథ చెప్పాను.

అతను నవ్వాడు. కాసేపాగి, "ఎర్రగీత నాకు గుర్తుంది మేష్టారూ. ఆ తరువాత బళ్ళో నేను ఏదీ అడగలేదు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది నాకు ఇంకా బరువుగా తోచింది. రెండు మార్కులు ఎట్లాగో ఇవ్వవచ్చు. అడగకుండా పోయిన ప్రశ్నలు తిరిగి ఇవ్వగలిగేది ఎవరు?

అతను నన్ను తన తోటకు తీసుకుపోయాడు. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం పల్లం నుంచి గుట్టమీదికి నడిచాం. కింద పళ్ళు కొట్టుకున్నాయి. సగం ఎక్కేసరికి నేను శాలువా తీసి భుజాన వేసుకున్నాను. నలభై ఏళ్ళు భూగోళం చెప్పిన నేను, ఆ పాఠం ఒంటితో నేర్చుకున్నది ఆనాడే.

మా మనమడు ఇదంతా విని, "అయితే ముత్తాతగారి అట్లాసు పారేద్దామా?" అన్నాడు.

వద్దన్నాను. దాన్ని రెండవ అట్లాసు పక్కనే ఉంచాను. పిల్లలెవరు వచ్చినా రెండూ తెరిచి చూపిస్తున్నాను. బాలలూ, పుస్తకం చెప్పినది నేర్చుకోండి. మీ ఊళ్ళో మీ కంటికి మరొకటి కనబడితే అది కూడా రాయండి. తల్లిదండ్రులకూ, నా తోటి ఉపాధ్యాయులకూ ఒక మనవి: పిల్లవాడు అట్లా రాసినప్పుడు, ఎర్రసిరా కలం తీయబోయే ముందు ఒకసారి వాడితో కూడా గుట్ట ఎక్కి చూడండి.