సీతాఫలాలు మాగే రోజులు

మా పాలమూరులో ఏడాదికి రెండే కాలాలు. మనుషులు ఊళ్ళో ఉండే కాలం, వలసపోయే కాలం. 'బాలానగర్' రకం పేరుతో వ్యవసాయ పుస్తకాలకెక్కిన మా సీతాఫలం కాపుకొచ్చేది సరిగ్గా ఆ రెండింటి నడుమ.

బతుకమ్మ పండక్కి అమ్మా నాయినా ఇంట్లోనే ఉండేవారు. పొద్దున్నే గంపలతో అందరం గుట్టెక్కేవాళ్ళం. నేనూ చెల్లీ తంగేడు, గునుగు పూలు తెంపితే నాయిన కాయలు చూసేవాడు. కండ్ల నడుమ సందులు తెల్లబడిన కాయే కొయ్యాలి. లేత కాయ మాగదు, నల్లబడి రాయైపోతుంది. అవ్వ వాటిని వరిగడ్డిలో కప్పెట్టి "మూడొద్దులు ఆగుండ్రి బిడ్డా" అనేది. ఎవరాగుతారు? గంటకోసారి నొక్కి చూసేవాళ్ళం.

దీపావళి దాటగానే గుంపు మేస్త్రీ వచ్చేవాడు. అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయేది గదా! అమ్మా నాయినా ఏ డ్యాము పనికో, కాల్వ పనికో బయల్దేరేవారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు పాలమూరు కూలీలే మట్టి మోశారని తర్వాత చదివి గర్వపడ్డాను. ఆ రోజుల్లో తెలిసిందల్లా ఆఖరి గంప మాగేసరికి వాళ్ళు ఇంట్లో లేరనే. వాళ్ళ పాలు రెండు పండ్లు అవ్వ పక్కన పెట్టేది, కుళ్ళిపోతాయని తెలిసీ.

మిత్రులారా, దసరా సెలవులకు ఇంటికి పోతున్నారా? అందరూ ఉన్నప్పుడే పండు విప్పండి.