కింగ్ రాంచ్‌లో ఒంగోలు మూపురం

కౌబాయ్ అనగానే మనకి గుర్తొచ్చేది 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు'. కృష్ణగారి టోపీ, నడుముకి తుపాకీ, గుర్రం, దుమ్ము! మా ఊరి టెంటు హాల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాను. కౌబాయ్ అంటే తుపాకీ పేల్చేవాడే అనుకున్నాను గానీ, పశువులు కాసేవాడన్న సంగతి తట్టనే లేదు. అది తట్టడానికి టెక్సాస్ దాకా వెళ్ళాల్సొచ్చింది!

హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది, "బావా, మీకు ఊళ్ళకన్నా గొడ్లే నచ్చుతాయి, పదండి" అంటూ నాలుగు గంటలు కారు తోలి కింగ్స్‌విల్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడే ఉంది కింగ్ రాంచ్. ఎంత పెద్దదనుకుంటున్నారు? 8 లక్షల 25 వేల ఎకరాలు! అమెరికాలో రోడ్ ఐలాండ్ అనే రాష్ట్రమే దీనికన్నా చిన్నది. టూరిస్టు బస్సెక్కి ఎంతసేపు పోయినా కంచె, గడ్డి, మెస్కీట్ చెట్లు. ఆ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. చూడగానే మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది.

సినిమావాళ్ళకీ ఈ నేల మీద కన్నుపడింది. ఎడ్నా ఫెర్బర్ 1952లో రాసిన 'జెయింట్' నవలకి ఈ రాంచే ప్రేరణ అంటారు. దాన్ని 1956లో జార్జి స్టీవెన్స్ సినిమా తీసి ఆస్కార్ కొట్టాడు. రాక్ హడ్సన్, ఎలిజబెత్ టేలర్, విడుదలకి ముందే కారు ప్రమాదంలో పోయిన జేమ్స్ డీన్ అందులో తారలు. అయితే షూటింగు ఇక్కడ కాదు, ఎక్కడో పడమటి కొసనున్న మార్ఫాలో!

అసలు కథ మాత్రం సినిమాకేం తీసిపోదు. రిచర్డ్ కింగ్ 1824లో న్యూయార్కులో ఐరిష్ పేదల ఇంట పుట్టాడు. నగల కొట్లో పనికి పెడితే పారిపోయి, ఓడలో దొంగచాటుగా దాక్కుని దక్షిణానికి చేరాడు. రియో గ్రాండే నది మీద ఆవిరి పడవలు నడిపి డబ్బు చేసుకున్నాడు. 1853లో శాంటా గెర్ట్రూడిస్ వాగు పక్కన 15,500 ఎకరాలు 300 డాలర్లకి కొన్నాడు. లెక్కేసుకోండి, ఎకరం రెండు సెంట్లు కూడా పడలేదు!

అంత చవకగా ఎందుకొచ్చింది? అంతకుముందు ఆ నేల మెక్సికన్ కుటుంబాలది. వాళ్ళకీ ముందు అక్కడ కోవహుయిల్టెకాన్, కరంకావా తెగలవాళ్ళు తిరిగేవారు. 1846–48 యుద్ధం తరవాత ఆ ప్రాంతం అమెరికా కిందికొచ్చింది. తొలినాటి ఆ భూమిలో తమకీ వాటా ఉందంటూ కింగ్ భాగస్వామి ఒకరి వారసులు వేసిన దావా, 2003లో టెక్సాస్ సుప్రీంకోర్టు రాంచ్ పక్షాన తీర్పిచ్చేదాకా నడిచింది.

ఇక నన్ను పట్టేసిన సంగతి. 1854లో మెక్సికోలోని క్రూయాస్ అనే పల్లెలో కరువు. కింగ్ వెళ్ళి ఊళ్ళోని పశువులన్నీ కొనేశాడు. తోలుకుంటూ కొంతదూరం వచ్చాక ఆలోచించాడు. గొడ్లు పోతే ఆ జనం ఏం తిని బతుకుతారు? వెనక్కి తిరిగి, "మీరూ నాతో రండి, ఇల్లూ తిండీ జీతమూ ఇస్తా"నన్నాడు. వందమందికి పైగా మూటాముల్లె సర్దుకుని ఆవుల వెంట నడిచారు. వాళ్ళనే కినేన్యోలు, అంటే కింగ్ మనుషులు అన్నారు. తాడు విసరడం, జీను కట్టడం, అడవి గుర్రాన్ని లొంగదీయడం ఇవన్నీ అమెరికన్ కౌబాయ్‌కి మెక్సికన్ 'వకేరో'ల నుంచి అబ్బిన విద్యలే.

1885లో కింగ్ పోయేనాటికి అప్పే 5 లక్షల డాలర్లు. ఆయన భార్య హెన్రియెట్టా నలభై ఏళ్ళు నల్లబట్టల్లోనే ఉంటూ, అల్లుడి సాయంతో అప్పు తీర్చి భూమిని పెంచింది. 1925లో ఆమె పోయినప్పుడు దాదాపు 200 మంది వకేరోలు గుర్రాల మీద సమాధి చుట్టూ ఒక్క చుట్టు తిరిగారట. ఏ డైరెక్టరు తీయగలడండీ ఆ షాటు!

బస్సు ఆగింది. ముదురు ఎరుపు ఎద్దు ఒకటి తలెత్తి చూసింది. భుజాల మీద చిన్న మూపురం! షార్ట్‌హార్న్, బ్రాహ్మణ్ జాతుల్ని కలిపి ఇక్కడే తయారుచేసిన శాంటా గెర్ట్రూడిస్ జాతి అది. 1940లో ప్రభుత్వ గుర్తింపు పొందింది. బ్రాహ్మణ్ జాతి పుట్టిందేమో మన దేశం పశువుల నుంచి. గుజరాత్ జాతులతోబాటు, అక్కడివాళ్ళు 'నెల్లూరు' అని పిలిచిన మన ఒంగోలు రక్తమూ అందులో ఉంది. ఎండకీ గోమారికీ తట్టుకునే గుణం ఆ మూపురం పశువులదే.

నాకు మా తాత జ్ఞాపకమొచ్చాడు. ఓ కరువులో గడ్డి లేక ఒంగోలు జత అమ్మేసి, బేరగాడి వెనకాల ఊరి పొలిమేర దాకా నడిచి వెనక్కొచ్చాడు. ఆయన్ని రమ్మని పిలిచినవాడు లేడు. క్రూయాస్ జనాన్ని పిలిచారు. వాళ్ళు వెళ్ళారు. కానీ వాళ్ళు కాసిన నేలకి పేరు మాత్రం కింగ్‌దే అయింది.

"ఏంటి బావా, అలా చూస్తున్నారు?" అన్నాడు మా బావమరిది.

"మనూరి చుట్టంరా" అన్నాను.