పది గజాలు ముందుకు

2019లో దీపావళి ఆదివారం నాడు వచ్చింది. అక్టోబరు 27. పూజ ముగిసింది, పిల్లలు చిచ్చుబుడ్లూ మతాబులూ కాల్చి అలసి నిద్రపోయారు. రాత్రి పది గంటలకు తమ్ముడూ నేనూ టీవీ ముందు చేరాము. లండనులో ఆర్సెనల్‌కూ క్రిస్టల్ ప్యాలెస్‌కూ ఆట. హైదరాబాదులో కూర్చుని లండను జట్టును "మా జట్టు" అనడమేమిటని మా ఆవిడ చాలా ఏళ్ళుగా అడుగుతోంది. నా దగ్గర సమాధానం లేదు. అయినా అలాగే అంటాను.

పది నిమిషాలు తిరగకుండానే మా జట్టు రెండు గోల్స్ చేసింది. (గోలుకు బహువచనం "గోళ్ళు" అని రాయడానికి చెయ్యి రాలేదు, మన్నించాలి.) ఆ ఆధిక్యం నిలవలేదు. స్కోరు రెండు-రెండు అయింది. అరవై ఒకటవ నిమిషంలో కెప్టెన్ గ్రానిత్ జాకాను బయటకు పిలిచి, పద్దెనిమిదేళ్ళ బుకాయో సాకాను లోపలికి పంపారు. జాకా తాపీగా నడిచి వస్తుంటే సొంత మైదానంలో సొంత ప్రేక్షకులే పెద్ద పెట్టున ఈసడించారు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా గట్టిగా అరవండి అన్నట్టు సైగ చేశాడు. కెప్టెన్ పట్టీ విసిరేశాడు. చొక్కా విప్పుకుని నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా వీధిలో ఎవరో థౌజండ్‌వాలా అంటించారు. ఆ చప్పుడులో నేనేమని తిట్టానో తమ్ముడికి వినబడలేదు. తిట్టి ఊరుకున్నా బాగుండేది. ఫోను తీసి, ఇన్‌స్టాగ్రాములో అతని ఫోటో కింద, జట్టు విడిచి పొమ్మని ఒక వాక్యం రాశాను. ఇక్కడ ఆ వాక్యాన్ని కాస్త మర్యాదగా మార్చి చెబుతున్నాను.

నాలుగు రోజుల తరువాత అతని ప్రకటన వచ్చింది. కాళ్ళు విరగ్గొడతామనీ, భార్యను చంపుతామనీ, కూతురికి కాన్సరు రావాలనీ తనకు సందేశాలు వచ్చాయని అందులో ఉంది. అంతంత మాటలు నేననలేదు. కాని ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఎవరి రాయి తగిలిందో తెలియనంతమంది రాళ్ళు విసిరినప్పుడు, నాది చిన్న రాయి అని చెప్పుకోవడం ఏమంత గౌరవం?

నవంబరు 5న అతని కెప్టెన్ పదవి పోయింది. ఆ నెలాఖరుకు కోచ్ ఉనాయ్ ఎమెరీ ఉద్యోగమూ పోయింది. జనవరిలో జాకా బెర్లిను వెళ్ళిపోవడానికి సిద్ధపడితే కొత్త కోచ్ మికెల్ అర్తెతా ఆపాడు. ఉన్నాడన్న మాటే గాని కష్టాలు తీరలేదు. 2021 మార్చిలో బర్న్‌లీతో ఆడుతూ, సొంత పెనాల్టీ బాక్సులో నుంచి అతను ఇచ్చిన పాసు ప్రత్యర్థి క్రిస్ వుడ్‌కు తగిలి మా గోలులోకే పోయింది. ఆ ఆగస్టులో మాంచెస్టర్ సిటీ మీద ఎర్రకార్డు. 2022 జనవరిలో లివర్‌పూల్ మీద మరొకటి. "వీడింతే" అని నేనూ తమ్ముడూ ఏకాభిప్రాయానికి వచ్చేశాము.

2022 ఆగస్టులో కొత్త సీజను మొదలైనప్పుడు తమ్ముడు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. ఆట ఆటకూ ప్రతి ఆటగాడికీ పదికి ఇన్ని అని ఇద్దరమూ విడివిడిగా మార్కులు వెయ్యాలి. తమ్ముడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. మార్కుల విషయంలో పరమ పిసినారి. జాకా వరుసలో ఆగస్టు మొదట్లో అయిదులు కనిపిస్తాయి. లెస్టర్‌తో ఆటలో గోలు చేశాక ఏడు. అక్టోబరు 1న టోటెన్‌హామ్ మీద గోలు చేస్తే తమ్ముడంతటివాడు ఎనిమిది వేశాడు. అంతకు ముందు సీజను మొత్తం మీద లీగులో జాకా చేసినది ఒకే ఒక్క గోలు. ఈసారి సీజను ముగిసేసరికి ఏడు చేశాడు, మరో ఏడు చేయించాడు.

ఏమి మారింది? నాకు అర్థమైనంతవరకు, అతను నిలబడే చోటు మారింది. ఇదివరకు అతను మన రక్షకుల ముందు, లోతుగా ఆడేవాడు. ఎడమ రక్షకుడు పైకి పరుగెడితే ఆ ఖాళీని కాచేవాడు. అతని ఎడమకాలు పాసుకు పెట్టింది పేరు, కాని ఒళ్ళు చప్పున తిరగదు. ఎవరైనా మీదికి దూసుకొస్తే తడబడేవాడు, లేదా కాలు అడ్డం పెట్టి కార్డు తెచ్చుకునేవాడు. 2022 వేసవిలో సిటీ నుంచి జిన్‌చెంకో వచ్చాడు. పేరుకు ఎడమ రక్షకుడైనా, బంతి మన దగ్గర ఉన్నప్పుడు మధ్యలోకి వచ్చి పార్టే పక్కన నిలబడేవాడు. దానితో జాకాకు కాపలా పని తప్పింది. అతనిని పదో పదిహేనో గజాలు ముందుకు, ఎడమ పక్కకు పంపారు. సొంత గోలు దగ్గర తప్పటడుగు వేస్తే గోలు పడుతుంది, ఊరంతా తిడుతుంది. అదే తప్పటడుగు అవతలి గోలు దగ్గర వేస్తే బంతి పోతుంది, అంతే.

ఈ మాట చెబితే తమ్ముడు ఒప్పుకోలేదు. "చోటు మారిస్తే ఆట వస్తుందా, అన్నయ్యా? ముప్పై ఏళ్ళు వచ్చాక బాక్సులోకి పరుగెత్తడం నేర్చుకున్నాడు. బాగుపడ్డాడు. ఆ మాట అనడానికి నీకేం కష్టం?" అన్నాడు.

కష్టమేమిటో నాకు అప్పటికప్పుడు తెలియలేదు. మార్చి 19న తెలిసింది. ఉగాదికి మూడు రోజుల ముందు. మళ్ళీ అదే మైదానం, అదే క్రిస్టల్ ప్యాలెస్. యాభై అయిదవ నిమిషంలో జాకా గోలు చేశాడు. ఆనాడు అతని స్థానంలో వచ్చిన సాకా, ఈసారి అతనితో కలిసి ఆడి రెండు గోల్స్ చేశాడు. 4-1. ప్రేక్షకులు హర్షధ్వానాలు చేస్తున్నారు. తమ్ముడు నోటుపుస్తకంలో తొమ్మిది వేసి, "చూశావా, ఎలా ఉండేవాడు, ఎలా అయ్యాడు!" అన్నాడు.

అప్పుడు తట్టింది. "బాగుపడ్డాడు" అన్నామంటే అంతకు ముందు చెడ్డగా ఉన్నాడని అర్థం. చెడ్డగా ఉన్నాడు కనుక ఆనాటి ఈసడింపు న్యాయమే. మేము తిట్టాము, అతను దిద్దుకున్నాడు, కథ సుఖాంతం. ఆ మెచ్చుకోలులో నా దీపావళి రాత్రి మాఫీ అయిపోతుంది. అదే నా గొంతు దిగలేదు. అతను శ్రమించలేదని కాదు. తమ్ముడన్నట్టు ఆ పరుగులు చోటు ఇచ్చినవి కావు, కాళ్ళు ఇచ్చినవే. కాని ఆ కాళ్ళు 2019లోనూ ఉన్నాయి. వాటిని ఎక్కడ నిలబెట్టాలో పెద్దలకు తోచలేదు, ఓపిక పట్టడం మాకు తోచలేదు.

మనిషి మారిపోలేదనడానికి సాక్ష్యం కూడా త్వరలోనే దొరికింది. ఏప్రిల్ 9న లివర్‌పూల్‌లో మా జట్టు 2-0తో ముందుంది. జాకా అలెగ్జాండర్-ఆర్నల్డ్‌తో గొడవపడ్డాడు. అంతవరకు చప్పబడిన మైదానం ఒక్కసారి భగ్గుమంది. వెంటనే సాలా గోలు చేశాడు. ఆట 2-2తో ముగిసింది. అదే కోపం, అదే మనిషి. తమ్ముడు నాలుగు వేశాడు, నేను ఏడు వేశాను. ఆ పేజీ మీద మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

248 రోజులు పట్టికలో పైన నిలిచిన జట్టు చివరికి 84 పాయింట్లతో రెండవ స్థానంలో మిగిలింది. మే 28న ఆఖరి ఆట వుల్వ్స్‌తో. అది జాకాకూ ఇక్కడ ఆఖరిదేనని అందరికీ తెలిసిపోయింది. పావుగంట గడవకముందే రెండు గోల్స్ చేశాడు. అతను బయటకు వస్తుంటే మైదానమంతా లేచి నిలబడింది. ఉండిపొమ్మని పాట పాడారు. పొమ్మని ఈసడించినవాళ్ళు వారిలో ఎందరున్నారో! అతను ఉండలేదు. జర్మనీలో లెవర్‌కూజెన్‌కు వెళ్ళి, మరుసటి ఏడాది ఒక్క ఓటమి లేకుండా లీగు గెలిచిన జట్టుకు నడిమి స్తంభమయ్యాడు. అక్కడ మళ్ళీ లోతుగానే ఆడాడు. నా పది గజాల సిద్ధాంతానికి అది కొంత దెబ్బే.

వుల్వ్స్ ఆట ముగిసిన రాత్రి తమ్ముడు నిద్రపోయాక ఫోను తీశాను. 2019లో నేను రాసిన వాక్యాన్ని చెరిపేద్దామని వెతికాను. రెండు గంటలకు కాబోలు, వెతకడం మానేశాను. అలాంటివి వేలకొద్దీ ఉన్నాయి, నాది దొరకలేదు.