కూండే జాఫర్, కంప్యూటర్ జాఫర్

1995లో నర్సరావుపేటలో నేను కంప్యూటర్ నేర్చుకున్న చోట మా బ్యాచ్‌లో తురకపిల్లాణ్ణి నేనొక్కణ్ణే. సార్ ఇంటికెళ్లాక ఎవడో ఒకడు జేబులోంచి ఫ్లాపీ తీసేవాడు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

ఆ ఆట మీద మాలో మాకే తగాదా. సగంమంది అది ఆట కాదు శిక్ష అనేవాళ్లు. డేంజరస్ డేవ్ అయితే మీట నొక్కగానే దూకుతాడు. ఈ ప్రిన్స్ పరుగులో ఉంటే ఆపినా వెంటనే ఆగడు, ఇంకో రెండడుగులు జారతాడు. ఆ రెండడుగుల్లోనే ఇనప ముళ్లుంటాయి. ఆట మొత్తానికి గంట టైము. చస్తే లెవెల్ మొదటికి పోవాలి, గడియారం మాత్రం వెనక్కి పోదు. మూడో లెవెల్ చేరేదాకా ఆటను సేవ్ చేసుకునే వీలు కూడా లేదు. ఇదేం న్యాయమని నేనూ తిట్టాను. తిడుతూనే కూచునేవాణ్ణి. వాడు వేళ్లతో అంచు పట్టుకుని వేలాడుతుంటే నా చేతులకు చెమట పట్టేది. తెరమీది బొమ్మకు బరువుండటం అప్పటిదాకా నేను చూళ్లేదు. షిఫ్ట్ మీట పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తే ముళ్ల మధ్యనుంచి కూడా గీత పడకుండా దాటొచ్చు. ఆ నడక నాకు అందరికంటే ముందొచ్చింది. ఎందుకొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

అసలు తిరకాసు విలన్ పేరు. జాఫర్. సుల్తాన్ యుద్ధానికి పోతే రాజ్యం చేజిక్కించుకున్న వజీరు. పెళ్లా, చావా గంటలో తేల్చుకోమని షాజాదిని బెదిరిస్తాడు. "కొట్రా జాఫర్‌గాణ్ణి!" అని వెనకనుంచి కేకలు. వారం తిరక్కుండా నా పేరు పోయి నేనే జాఫర్‌నయ్యాను. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవడు ఆడనిస్తాడు?

ఇంట్లో జాఫర్ వేరు. రజబ్ 22న అమ్మీ ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరున కూండే నియాజ్ చేసేది. మట్టికుండల్లో తీపి పూరీలు. అక్కడే కూచుని తినాలి, గడప దాటించకూడదు. ఆ డిసెంబరులో పూరీ నోట్లో పెట్టుకుంటే "కొట్రా" అన్న కేక చెవిలో మోగింది. అమ్మీకి చెప్పలేదు.

తర్వాత్తర్వాత చదివితే తెలిసింది. హారూన్ రషీద్ దగ్గర జాఫర్ బర్మకీ అనే వజీరు నిజంగానే ఉన్నాడు. 803లో ఆ ఖలీఫాయే అతన్ని చంపించాడు. అరేబియన్ నైట్స్‌లో అతను దుష్టుడు కాదు, మారువేషంలో తిరిగే ఖలీఫా వెంట నడిచే మనిషి. 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సినిమా ఆ పేరును మంత్రాలు తెలిసిన దుర్మార్గుడికి తగిలించింది. 1989లో ఈ ఆట, 1992లో డిస్నీ వాళ్ల అల్లావుద్దీన్ సినిమా అదే దారి పట్టాయి. ఆట చేసిన జోర్డాన్ మెక్‌నర్ అమెరికావాడు. తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి, పరిగెత్తించి, వీడియో తీసి, ఒక్కో కదలికా చూసి గీసుకున్నాడు. పర్షియా షాజాదాది అమెరికా పిల్లాడి నడక!

ఇంత తెలిశాక కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా ఆ నీడను మర్చిపోలేను. నాలుగో లెవెల్లో అద్దంలోంచి దూకితే ప్రిన్స్ నీడ విడిపోయి పారిపోతుంది. కొత్త శత్రువు బొమ్మకు ఆపిల్ టూ మెమరీలో చోటు లేక, ప్రిన్స్ బొమ్మనే మార్చి నీడను చేశారట. అది మన మందు తాగేస్తుంది, మొహానే తలుపు మూస్తుంది. పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురొస్తుంది. పొడిచాను. నా ప్రాణం తగ్గింది. ఇంకా పొడిచాను. నేనే చచ్చాను. అట్లా ఎన్ని సాయంత్రాలు పోయాయో. ఓ రోజు విసుగొచ్చి కత్తి దించాను. నీడా దించింది. దగ్గరకొచ్చి నాలో కలిసిపోయింది. వెనక ఒక్కడూ కేక వెయ్యలేదు. ముందున్న ఖాళీలోకి అడుగేస్తే కాలికింద పలకలు ఒక్కోటే పుట్టుకొచ్చాయి.

ఆ దారి చివర జాఫర్ ఉన్నాడు. కీబోర్డు పక్కవాడికిచ్చి లేచాను. ఏరా అంటే ఇంటికెళ్లాలన్నాను.

మొన్న మావాడికి అదే ఆట చూపించాను.

"అబ్బా, వీడు ఆగడేంటి?"

"ముందే ఆపాలి బేటా."

"జాఫర్ అంటే మన కూండే జాఫరా?"

"కాదు, వేరే."

"మరి ఆ పేరే ఎందుకు పెట్టారు?"

నేను మొదలెట్టేలోపే వాడు ముళ్లమీద పడ్డాడు. ఇంకా 52 నిమిషాలున్నాయి.

"మళ్లీ మొదట్నుంచా?" అన్నాడు.

అవునన్నాను.